మిగిలింది మీరు చూసుకోండి

వానాకాలం మొదలైంది. టోక్యోలో ఆ రోజులలో వాన కురవదు, వేలాడుతుంది. గొడుగులు ఆరవు, గోడలు ఆరవు, మనుషుల ముఖాలు సైతం ఆరవు. ఆ మధ్యాహ్నం ఒక ఏటవాలు వీధి చివర, నేలమాళిగలో ఉన్న రికార్డింగు స్టూడియోలో, అద్దాల గోడకు ఇవతల కూర్చుని, అవతల మైకు ముందు నిలుచున్న నా మనవరాలిని చూస్తున్నాను.

సుజునె నా కూతురి కూతురు. బడిలో ఉండగానే ఆడపిల్లల పాటల బృందంలో చేరింది. అక్కడ ఉన్నన్నాళ్లూ రెండవ వరుసలోనే నిలుచుంది. ముందు వరుసలోని పిల్ల జడ ఎటు ఊగితే తాను అటు పక్కకు జరిగి పాడింది. బృందం నుంచి వీడ్కోలు తీసుకుని నటనలోకి వచ్చిన తరువాత కథానాయికకు చెల్లెలిగా, కథానాయికకు పొరుగింటి పిల్లగా, ఒక బార్లీ టీ ప్రకటనలో గ్లాసు పట్టుకున్న చేయిగా కనిపించింది. నిజంగా చేయిగానే. ముఖాన్ని ఎడిటింగులో తీసేశారు.

ఇప్పుడు తొలిసారిగా ఒక సినిమాలో ప్రధాన పాత్ర దొరికింది. యుద్ధానికి ముందటి కాలంలో, ఓడరేవులో పాటలు పాడుకుని బతికే ఒక పిల్ల కథ అది. కథానాయికే స్వయంగా పాడాలని, ఆ కాలపు ఉచ్చారణతో పాడాలని నిర్మాతల షరతు. ఆ సాయంత్రంలోగా పాట పూర్తి కాకపోతే పాటతోపాటు పాత్ర కూడా వేరొక నటుల కంపెనీ అమ్మాయికి వెళ్ళిపోతుంది. ఆ అమ్మాయి పక్క వీధిలోని కాఫీ హోటలులో పిలుపు కోసం కూర్చుని ఉందని మా పిల్ల మేనేజరు మొగామి వచ్చి చెప్పాడు. ధైర్యం చెబుతున్నాననే అతడు అనుకున్నాడు.

ఇక ఉచ్చారణ దిద్దే టీచరుగా నేను అక్కడ ఉండడానికి కారణం ఒక్క హల్లు. మా భాషలో మాట మొదట వచ్చే 'గ' గట్టిగా పలుకుతుంది. మాట నడుమ వచ్చే 'గ' గట్టిగా పలకరాదు. ముక్కులోంచి మెత్తగా 'ఙ' అని జారాలి. నేను రేడియోలో వార్తలు చదివిన కాలంలో ఈ తేడా తెలియనివారిని మైకు దగ్గరకు రానిచ్చేవారు కారు. ఇప్పుడు తెలిసినవారినే రానివ్వడం లేదు. ఆ పాట పల్లవిలో నది ఒడ్డున జుట్టు విరబోసుకున్నట్లు వంగి ఉండే 'యనగి' చెట్టు పేరు మాటిమాటికీ వస్తుంది.

"యనగి కాదు తల్లీ, యనఙి. ముక్కులోంచి రానీ" అన్నాను, అప్పటికి ఎన్నోసారో.

"వాన పడితే నా ముక్కు మూసుకుపోతుందే అమ్మమ్మా! నీదంటే రేడియో ముక్కు" అంది సుజునె.

రికార్డింగు నడిపిస్తున్న ఇసురుగి నవ్వలేదు. ఆయన మీట నొక్కి మాట్లాడితేనే ఆయన మాట లోపల హెడ్‌ఫోనులో వినబడుతుంది. ఆయన మీట నొక్కి, "ట్రాక్ విను. ట్రాక్‌లో ఎలా ఉందో అలా పాడు. సొంత తెలివి వద్దు" అన్నాడు.

సుజునె పెదవులు బిగిశాయి. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల విన్నది ఆ మాటే. ఫలానా అమ్మాయిలా నవ్వు, ఫలానా అమ్మాయిలా ఏడువు. ఇప్పుడు ట్రాక్‌లా పాడు.

అసలు గాయని నేర్చుకోవడానికని ముందుగా ఇంకెవరో ఒక అమ్మాయి చేత పాడించి పెట్టుకునే నమూనాను ట్రాక్ అంటారు. ఆ అమ్మాయి పేరు ఎక్కడా వేయరు. అసలు పాట రాగానే ఆ గొంతును తుడిచేస్తారు. నాకూ ఒకసారి వినిపించమని అడిగాను.

విన్నాను. నా వెన్ను నిటారు అయింది. 'ఙ' ఉండవలసిన ప్రతి చోటా ఉంది, ఉండకూడని ఏ ఒక్క చోటా లేదు. అంత శుద్ధంగా పలికిన గొంతులను నేను నా బాల్యంలో విన్నాను. ఆ గొంతులన్నీ ఎన్నడో బూడిద అయ్యాయి. కానీ ఈ గొంతు పడుచుపిల్లది. లేతగా, చల్లగా, బావి అడుగు నుంచి వస్తున్నట్లు ఉంది.

"ఎవరు పాడారు ఇది?" అని అడిగాను.

"ఏమో టీచర్ గారూ, పాట కట్టినాయన పంపారు" అన్నాడు ఇసురుగి.

మొగామి తలెత్తాడు. "లేదండీ, ఆయన ఒట్టి పియానో మాత్రమే పంపారట. గొంతు మీరు కలిపించారని ఆయనే నిన్న ఫోనులో మెచ్చుకున్నారు."

"నేనెప్పుడు కలిపించానయ్యా? మీ కంపెనీవాళ్లే కదా!"

"మా వాళ్లా? మా వాళ్లు ఖర్చు పెట్టి ట్రాక్ పాడిస్తారా? మీరు మరీనండీ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. పెట్టిన మనిషి లేకుండా ఆ గొంతు అక్కడికి ఎలా చేరిందో వారికి అక్కరలేదు. పాట కావాలి, అంతే.

సుజునె మళ్ళీ మొదలుపెట్టింది. మొదటి చరణం బాగా వచ్చింది. రెండవది అంతకన్నా బాగా వచ్చింది. ఆఖరి చరణం అందుకోబోతూ హఠాత్తుగా ఆగి, ఎదురుగా ఎవరో ఉన్నట్లు తల వంచి "చిత్తం" అని, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మరల అదే చోట ఆగింది. మరల తల వంచింది. మరల మొదటి నుంచి... గంట దాటింది. ఆమె గొంతు నూలు పోగులా సన్నబడింది.

"పంతమా ఈ పిల్లకి?" అని ఇసురుగి విసుక్కున్నాడు. "బాగా వచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ పాడుతుందేమిటి!"

ఉన్నట్టుండి లోపలి తలుపు తెరుచుకుంది. సుజునె ముఖం జేగురించి ఉంది.

"ఇంకెన్నిసార్లండీ? బాగోకపోతే ఎక్కడ బాగోలేదో చెప్పండి. ఊరికే 'మరొక్కసారి, మొదటి నుంచి' అంటే నేనేం చెయ్యను?"

"నేనా?" ఇసురుగి చేతిలోని బియ్యపు అప్పడాన్ని ఎత్తి చూపాడు. "గంట నుంచీ మీట ముట్టుకుంటే ఒట్టు. ఇదిగో, నా వేళ్లనిండా సోయా పులుసే."

"మీరు కాదు. ఆడమనిషి. మీ ఆఫీసు మనిషనుకున్నాను."

అక్కడున్న ఆడవారు ఇద్దరే, ఆమె, నేను. నేను మీట దరిదాపులలో లేను.

గోడలోని గొట్టంలో వాననీరు దిగుతున్న చప్పుడు వినబడింది.

"పైన వీధిలో టాక్సీలు పోతుంటాయమ్మా. వాటి వైర్‌లెస్ మాటలు ఒక్కోసారి ఇందులో కలుస్తాయి" అన్నాడు చివరికి ఇసురుగి.

"టాక్సీ నన్ను మొదటి నుంచి పాడమంటుందా?"

"సుజునె గారూ, సాయంత్రం అయిపోతోందండీ" అని మొగామి చేతులు నలుపుకున్నాడు. "ఆఖరి చరణమొక్కటేగా. కానిచ్చేద్దాం. పక్క వీధిలో ఆ అమ్మాయి రెండో కాఫీ కూడా తాగేసిందట."

నేను కూడా మైకు గదిలోకి వెళ్ళాను, ఆమె మెడ వెనుక చెమట తుడుద్దామని. గుమ్మంలోనే ఆగిపోయాను. కమేలియా నూనె వాసన. మా అమ్మ కాలంలో ఆడపిల్లలు కొప్పు ముడిచే ముందు రాసుకునే నూనె అది. దాని వెనుకనే, నీటిలో చాలాకాలం నానిన బట్టల వాసన...

"నువ్వు తలకేమైనా రాసుకున్నావా?"

"నువ్వు రాసుకున్నావనుకున్నానే" అని మెల్లగా అంది సుజునె.

ఇక చాలు, ఇంటికి పోదామన్నాను. ఆమె నా చేయి విడిపించుకుంది. "ఇది పోతే నాకు ఇంకేం రాదు అమ్మమ్మా. మళ్ళీ చేతులూ కాళ్లూగా నటించాలి." నేను బయటకు వచ్చాను. తలుపు మూసుకుంది.

ఆఖరి చరణం తొలి పాదంలోనే ఆమె గొంతు చీలింది. రెండవసారి అసలు పలకలేదు. ఇసురుగి మీట మీద పిడికిలితో కొట్టాడు. "ట్రాక్‌లో ఉన్నట్టు! ట్రాక్‌లో ఉన్నట్టు పాడమంటే అర్థం కాదా? నువ్వేదో కొత్తగా చూపించనక్కరలేదు!"

సుజునె హెడ్‌ఫోను తీసి మైకు పక్కనున్న కొయ్యకు తగిలించింది. ఏడవలేదు. నవ్వింది. నేను ఎన్నడూ చూడని చేదు నవ్వు.

"అంత బాగుంటే ఆవిడనే పాడనివ్వండి" అంది. ఆ తరువాత పాదాలు దగ్గరకు చేర్చి, చేతులు ముందుకు కట్టుకుని, నేను నేర్పినంత పద్ధతిగా, ఆ హెడ్‌ఫోనుకు నడుము వంచి దండం పెట్టింది.

"నేను ముందు వెళ్తున్నాను, ఏమీ అనుకోకండి. మిగిలింది మీరు చూసుకోండి."

పనిచోటు నుంచి ముందుగా బయలుదేరేవారు ఇంకా పనిలో ఉన్నవారికి చెప్పే మాట అది. మా ఊళ్ళో సాయంత్రమయ్యేసరికి ప్రతి ఆఫీసులోను, ప్రతి అంగడిలోను వినబడుతుంది. అది ఎవరూ అర్థం తలచుకుని అనే మాట కాదు. ఆమె అన్నదీ వెటకారానికే.

కొయ్యకు వేలాడుతున్న హెడ్‌ఫోనులోంచి జవాబు వచ్చింది.

మైకు తెరిచే ఉండడం వలన మా గదిలోని పెద్ద స్పీకర్లలోనూ వినబడింది. లేత గొంతు. తొందర లేదు.

"చాలా శ్రమపడ్డారు... ఇక నేను చూసుకుంటాను."

'నేను' అన్న మాటను అంటిపెట్టుకుని మా భాషలో ఒక చిన్న విభక్తి వస్తుంది. అదీ 'గ' తోనే. అది కూడా ముక్కులోంచే జారింది.

దీపాలు ఆరలేదు. తలుపులు కొట్టుకోలేదు. అంతా ఎప్పటిలాగానే ఉంది. ఇసురుగి యంత్రాన్ని వెనుకకు తిప్పి, చివరిసారి పట్టినదాన్ని వినిపించాడు. మొదటి చరణం, రెండవ చరణం... ఆ వెంటనే ఆఖరి చరణం కూడా మోగింది. ఎక్కడా చీలిక లేదు. సుజునె గొంతే. సందేహం లేదు, సుజునె గొంతే. 'యనఙి' మాత్రం నీటి మీద ఆకు వాలినంత మెత్తగా పడింది.

"నేనది పాడలేదు" అంది సుజునె.

"అలసిపోయారండీ. పాడారు, గుర్తులేదు" అన్నాడు మొగామి. అతడి కళ్లలో నీళ్లు. సంతోషం.

"మీ ఎదురుగానే కదండీ నా గొంతు చచ్చిపోయింది! ఇసురుగి గారూ, మీరైనా చెప్పండి!"

ఇసురుగి మా వంక చూడలేదు. ట్రాక్‌ను తుడిచివేసే మీట నొక్కాడు. ఆ పాత గొంతు పోయింది. ఆఖరి చరణం పోలేదు.

"పాట వచ్చింది కదమ్మా" అన్నాడు. "ఎలా వచ్చిందో నాకు చెప్పకు. నాకు పిల్లలున్నారు."

*

మరునాటి ఉదయానికి సుజునె గొంతు పూర్తిగా పోయింది. గుసగుస తప్ప పలుకు లేదు. డాక్టరు మాట్లాడవద్దన్నాడు. నెజు పేటలోని నా పాత కొయ్య ఇంట్లో, కిటికీ పక్క పరుపు మీద, గంజి తాగుతూ, కంపెనీవారి కబురు కోసం ఎదురుచూసింది. ఎవరూ కబురు పెట్టలేదు. ఎట్టకేలకు తానే మొగామికి ఫోనులో ఒక ముక్క పంపింది. పనికి ఎప్పుడు రమ్మంటారని.

అతడి జవాబు నాకు చూపించింది. "ఏం జోకండీ! ఈ రోజు ఫొటోలు అదిరిపోయాయి. రేపు కూడా ఇలాగే."

"ఇంకెవరికో పంపబోయి నీకు పంపి ఉంటాడు" అన్నాను. ఆ మాట నాకే రుచించలేదు.

ఆ వారంలో మధ్యాహ్నం టీవీ కార్యక్రమం వచ్చింది. ప్రత్యక్ష ప్రసారం. సుజునె గంజి గిన్నెను పక్కన పెట్టింది. తెర మీద కొత్త సినిమా కథానాయిక వచ్చి కూర్చుంది.

సుజునె.

అదే నుదురు, పెదవి మీద అదే పుట్టుమచ్చ. నవ్వినప్పుడు మాత్రం చేతి అంచుతో నోరు కప్పుకుంది. మా పిల్ల పళ్లన్నీ కనిపించేలా నవ్వుతుంది.

"ఎంత అందంగా పలుకుతున్నారండీ, ఈ కాలంలో ఇలాంటి మాట వినలేదు" అన్నాడు కార్యక్రమం నడిపే ఆయన.

"మా అమ్మమ్మ నేర్పింది" అంది తెర మీద పిల్ల. ఏ అక్షరం ఎక్కడ మెత్తబడాలో అక్కడే మెత్తబడింది. ఇన్నేళ్లూ నేను ఏ గొంతు కోసం ఈ పిల్లను సాధించానో ఆ గొంతు అది. నా చెవి మెచ్చుకుంది. నా వేళ్లు చల్లబడ్డాయి.

నా పక్కనున్న పిల్ల నా మణికట్టు పట్టుకుంది. "అమ్మమ్మా" అని గాలి మాత్రం వచ్చింది. "నేను ఇక్కడే ఉన్నాను కదా?"

మొగామికి ఫోను చేశాను. చాలాసేపటికి ఎత్తాడు.

"మొగామి గారూ, అక్కడ ఉన్నది నా మనవరాలు కాదు. నా మనవరాలు నా దగ్గర ఉంది. ఇంటి నుంచి అడుగు బయట పెట్టలేదు."

"టీచర్ గారూ..." అతడు జాలిగా నవ్వాడు. "ఈ తేమకి మా నాయనమ్మ కూడా ఇలాగే తికమకపడుతుందండీ. ఇదిగో, నా పక్కనే ఉన్నారు. ఇస్తున్నా మాట్లాడండి."

"వద్దు! ఇవ్వకండి!"

"అమ్మమ్మా" అంది ఫోను. బావి అడుగు చల్లదనం. "ఈ పూటకి పని అయిపోయింది. సాయంత్రం ఇంటికి వస్తాను."

ఫోను పెట్టేశాను. కంపెనీ పెద్దలకు చేశాను. ఎవరో సెక్రటరీ, "అభిమానుల ఫోనులకు వేరే నంబరు ఉందండీ" అని మర్యాదగా కట్ చేసింది. చిన్న ఠాణాకు వెళ్ళాను. అక్కడి కుర్ర పోలీసు నన్ను కూర్చోబెట్టి, "మీ అమ్మాయి ఇంట్లోనే ఉంది కదమ్మా, మరి ఫిర్యాదు దేని గురించి?" అని అడిగాడు. ఏ విభక్తితో చెప్పాలో తెలియక, జీవితంలో మొదటిసారి నా వాక్యం నడుమ విరిగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి సుజునె అద్దం ముందు కూర్చుని, పెదవులు కదుపుతూ, గొంతు లేకుండా అదే మాటను దిద్దుకుంటోంది. యనగి, యనగి, యనగి. రావడం లేదు.

"నేర్చుకుంటాను అమ్మమ్మా" అని గాలిలాగా అంది. "నీకు నచ్చేలా పలుకుతాను. ఆవిడని మాత్రం రానివ్వకు. నేనేనని నువ్వొక్కదానివీ చెప్తే చాలు."

ఆమె ముఖాన్ని నా రెండు చేతులతో పట్టుకున్నాను. "నువ్వు ఎలా పలికినా నువ్వే నా పిల్లవి. ఎవరు వచ్చి పిలిచినా బదులు పలకను" అన్నాను.

మా ఇళ్లలో బయటి నుంచి వచ్చినవారు గుమ్మంలో నిలబడి 'వచ్చేశాను' అంటారు. ఇంటివారు 'వచ్చావా, రా' అని పలుకుతారు. ఆ మాట పలకని ఇంటిలోకి అడుగు పెట్టడానికి మనసొప్పదు. పలకకపోతే ఏమవుతుందో నేను ఎన్నడూ చూడలేదు. కానీ నాకు మిగిలిన తలుపు అదొక్కటే.

చీకటి పడక ముందే దీపాలు వేశాను. వాన ఆగింది. చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. వీధిలో కారు ఆగిన చప్పుడు. తలుపు మూసిన చప్పుడు. ఆ తరువాత రాళ్ల బాట మీద అడుగులు... తడి అడుగులు. చెప్పులు లేని అడుగులు.

వీధి తలుపు గాజు గలగలలాడుతూ పక్కకు జరిగింది. అంతకు ముందే దానికి గడియ వేశాను. నేనే వేశాను.

గదిలోకి కమేలియా నూనె వాసన వచ్చింది.

"అమ్మమ్మా... వచ్చేశాను."

సుజునె నా ఒడిలో ముఖం దాచుకుంది. నేను ఒక చేత్తో ఆమెను పొదువుకుని, రెండవ చేత్తో నా నోరు గట్టిగా మూసుకున్నాను. ఒక్క మాట. ఆ ఒక్క మాట అనకపోతే చాలు.

గుమ్మంలో ఎవరూ కదలలేదు. ఎదురుచూస్తోంది. మర్యాద తెలిసిన పిల్ల... ఎంతసేపైనా ఎదురుచూస్తుంది.

నా నోరు మూసే ఉంది. నా అరచేతి కింద నా పెదవులు మూసే ఉన్నాయి.

వెనుక వంటగదిలోంచి, మెల్లగా, ముద్దుగా, నా గొంతు పలికింది.

"వచ్చావా తల్లీ... రా."